నార్వే అని రాయండి

రాహేలక్క ఆదరణ కూడికలో పాస్టరుగారు ఒక అబద్ధం చెప్పారు. కావాలని చెప్పింది కాదు. పెళ్ళి చేసుకోకుండా చనిపోయిన ప్రతి ఆడమనిషి గురించీ మా వైపు చెప్పే మాటే ఆయనా చెప్పారు. "మన సహోదరి ఎడారి దేశంలో ఇరవై రెండేళ్ళు కష్టపడింది. తమ్ముళ్ళని నిలబెట్టింది. తన కోసం ఏ ఒక్కటీ కోరుకోలేదు." షామియానా కింద కూర్చున్న వాళ్ళంతా తలలు ఊపారు. పెద్ద తమ్ముడు దానియేలు కళ్ళు తుడుచుకున్నాడు. నేను వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే ఉన్నాను. లేచి అది నిజం కాదని చెప్పాలనిపించింది. చెప్పలేదు. నలుగురిలో లేచి మాట్లాడే మనిషిని కాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆమె కోరుకుంది. అడిగింది. కాదంటే మళ్ళీ అడిగింది. తీసుకుంది.

భోజనాలయ్యాక ఆమె మేనకోడలు కీర్తన నన్ను లోపలి గదిలోకి పిలిచి ఒక కవరు ఇచ్చింది. అత్త ట్రంకుపెట్టె అడుగున దొరికిందట. పైన 'సువార్తకి' అని నా పేరు ఉంది. లోపల ఒకే కాగితం, మా పాత ఆసుపత్రి సెలవు ఫారం జిరాక్సు. కుడివైపు అరబీ, ఎడమవైపు ఇంగ్లీషు. పేరు, విభాగం, ఇఖామా నంబరు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ మన ఒంటి మీద ఉండాల్సిన కార్డు. ఆ కింద 'సెలవు గడిపే దేశం' అని ఒక గడి. అందులో ఇండియా అని రాసి ఉంది, కొట్టేసి ఉంది. పక్కన నార్వే, కొట్టేసి ఉంది. మళ్ళీ ఇండియా, కొట్టేసి ఉంది. గడిలో చోటు చాలక అంచులోకి ఎక్కించి, పెన్ను నొక్కిపట్టి, పెద్దక్షరాలతో నార్వే. "అత్తకి ఇంగ్లీషు రాయడం తడబడేదా ఆంటీ?" అని అడిగింది కీర్తన. తడబడింది మీ అత్త కాదమ్మా అన్నాను. బయటికి వస్తుంటే దానియేలు ఇంకో కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. సమాధి రాయి మీద చెక్కించే మాటలు. నేను నర్సింగు స్కూల్లో పాఠాలు చెప్తాను కాబట్టి అక్షరదోషాలు చూసి పెట్టమన్నాడు. రెండు కాగితాలూ ఒకే సంచిలో పెట్టుకుని భీమవరం బస్సెక్కాను.

నేను సౌదీలోని ఉనైజాకి నర్సుగా వెళ్ళేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. రాహేలక్క అప్పటికే అక్కడ పదిహేనేళ్ళ మనిషి. నర్సుల క్వార్టర్స్‌లో మూడో అంతస్తులో ఒక ఫ్లాటు, రెండు గదులు, ముగ్గురం. ఆమె, నేను, మచిలీపట్నం నుంచి వచ్చిన సలోమి. సలోమి భర్త, పిల్లలు వచ్చాక వేరే ఇంటికి మారిపోయింది, మళ్ళీ తిరిగొచ్చింది. ఆ సంగతి తర్వాత వస్తుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్ళు పగలు పడుకోవాలి కాబట్టి కిటికీ అద్దాలన్నిటికీ వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ అంటించి ఉండేది. బయట మే నెల ఎండ భగభగమంటుంటే మా గదిలో ఎప్పుడూ ఒకటే వేళ. ఫాయిల్ ఎక్కడైనా చిరిగితే రాహేలక్క ఆ రోజే స్టూలెక్కి అతికించేది. శుక్రవారం మధ్యాహ్నం ఎండురొయ్యలు వేయించేది. వేయించే ముందు గుమ్మం కింద సందులో తడి తువ్వాలు కుక్కేది, వాసన బయటికి పోకుండా. అయినా పోయేది. ఒకసారి ఎవరో ఫిర్యాదు చేస్తే సూపర్‌వైజరు వచ్చి వాసన చూసి వెళ్ళింది. ఎదురు ఫ్లాటులో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు మాత్రం ఆ వాసనకి ప్లేట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఖర్జూరాలు దిగే రోజుల్లో ఊరంతా ఇంకో వాసన, బెల్లం పాకం మరిగినట్టు. అప్పుడు ఆసుపత్రి బస్సు మమ్మల్ని బజారుకి తీసుకెళ్ళేది. తక్కిన పదకొండు నెలలూ మా గదిలో ఉండేవి ఫాయిలు, ఎండురొయ్యలు, ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు.

ఆమె అలవాట్లు చాలా ఉన్నాయి, రెండు చెప్తాను. డ్యూటీ నుంచి రాగానే బూట్లు విప్పి, ముందు భాగం గుమ్మం వైపు ఉండేలా తిప్పి పెట్టేది. మళ్ళీ పోవాలి కదా అనేది. రెండోది, తలుపు వేసుకుని తెలుగు బైబిలు చదువుకునేటప్పుడు, చదవాల్సిన అధ్యాయం అయిపోయాక వెనక అట్ట దగ్గరికి వెళ్ళిపోయేది. అక్కడ పౌలు చేసిన ప్రయాణాల పటాలు ఉంటాయి, ఎర్ర గీత ఒకటి, నీలం గీత ఒకటి. వాటి మీద వేలు పెట్టి ఊరూరూ నడిచేది. ఒకరోజు సలోమి ఎగతాళి చేసింది, అస్తమానం ఆ పటాలేంటక్కా, వాక్యం చదువుకోక అని. రాహేలక్క తలెత్తకుండా, "అంత తిరిగాడు గదా, ఇల్లు వదిలి ఎందుకు తిరుగుతున్నావయ్యా అని ఆయన్నెవరన్నా అడిగారేంటే?" అంది.

ఆమె పని డయాలసిస్. తర్వాత నాకూ అదే నేర్పింది. మూత్రపిండాలు పనిచేయని మనిషి చేతిలో రెండు రక్తనాళాలని కోసి కలుపుతారు, దాన్ని ఫిస్టులా అంటాం. వారానికి మూడుసార్లు అందులో రెండు లావుపాటి సూదులు దించాలి. దించే ముందు వేళ్ళు ఆనించి చూడాలి. లోపల రక్తం బుర్రుమంటూ వేలికి తెలుస్తుంది. కొందరికి తెలియదు. వాళ్ళకి రాహేలక్క కావాలి. ఆమె కళ్ళు మూసుకుని మూడు వేళ్ళు పెట్టి, ఇక్కడ, అనేది. ఒక్కసారికే దిగేది. యూనిట్‌లో ఉండే ముసలివాళ్ళు సగంమంది ఆమె డ్యూటీ లేని రోజున వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కో మనిషికి ఒక్కో పూట నూరు లీటర్ల పైచిలుకు శుద్ధి చేసిన నీళ్ళు పడతాయి. ఎడారిలో ఉన్న ఊరు. నీళ్ళ ప్లాంటు ఆగిపోతుందేమోననే భయంతోనే మా పగళ్ళు గడిచేవి. మెషిన్ల వెనక 'స్వీడన్‌లో తయారైంది' అని చిన్న రేకు. ఆ కంపెనీవాళ్ళు ఏటా ఒక క్యాలెండరు పంపేవాళ్ళు. ఒక ఏడాది క్యాలెండరులో జూలై నెల బొమ్మ నార్వే. నిలువుగా కొండ, దాని మీద నుంచి కిందికి తెల్లగా నీళ్ళు, కింద ఎర్ర చెక్కల ఇల్లు ఒకటి. జూలై అయిపోయినా రాహేలక్క ఆ కాగితం తిప్పలేదు. ఆగస్టు తేదీలు ఎవరికైనా కావాలంటే పేజీ ఎత్తి చూసుకుని మళ్ళీ దించేవాళ్ళం. ఏడాది మారినా ఆ క్యాలెండరు మేకుకి అలాగే ఉంది.

తర్వాత రంగుల రోజులు వచ్చాయి. నితాకత్ అని, ప్రతి సంస్థలో ఇంతమంది సౌదీవాళ్ళు ఉండాలని లెక్క. ఉంటే పచ్చ, తగ్గితే పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు. మా ఆసుపత్రి పసుపులో పడిందని క్యాంటీన్లో చెప్పుకునేవాళ్ళు, మనిషికి కామెర్లు వచ్చినట్టు. ఆ తర్వాత లెవీలు. బయటి దేశం మనిషిని పెట్టుకున్నందుకు సంస్థ కట్టాలి, ఆ మనిషి వెంట ఉన్న భార్యకీ భర్తకీ పిల్లలకీ తలకింత కట్టాలి, ఏడాది ఏడాదికీ పెరుగుతుంది. సలోమి భర్తనీ ఇద్దరు పిల్లల్నీ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ తిరిగి రాకుండా, పంపించేసి, రెండు సూట్‌కేసులతో మా ఫ్లాటుకి తిరిగి వచ్చింది. చిన్నవాడి సైకిలు కూడా తెచ్చింది. అమ్మబుద్ధి కాలేదంది. అది బాల్కనీలో ఉండేది, మేం బట్టలు ఆరేసుకునేవాళ్ళం. నెలకొకరికి వీడ్కోలు కేకు కోసేవాళ్ళం. ఎవరికి ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట: ఇక ఖర్చు పెట్టకండి, దాచుకోండి, సర్దుకోండి.

అలాంటి రోజుల్లో ఒకే వారంలో రాహేలక్క చేతికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ఆఫీసు నుంచి: అక్టోబరుతో కాంట్రాక్టు ముగుస్తుంది, పొడిగించడం లేదు. ఇంకొకటి రియాద్‌లో ఉండే ఒక ట్రావెల్ ఏజెంటు పంచిన కరపత్రం: కోపెన్‌హాగెన్, ఓస్లో, బెర్గెన్, స్టాక్‌హోమ్, పన్నెండు రోజులు, ఇండియన్ భోజనం, గుంపుగా ప్రయాణం. మొదటి కాగితం మడిచి బైబిల్లో పెట్టింది. రెండోది మా ముందు పరిచింది. "నేను పోతన్నాను. మీరూ వత్తన్నారు" అంది. సలోమి ఏడ్చింది. పిల్లల్ని పంపేసి నేను ఊళ్ళు తిరగనా అంది. వాళ్ళని పంపింది నువ్వు కాదు, నువ్వెందుకు శిక్ష వేసుకుంటావు అంది రాహేలక్క. నేను ఆ కరపత్రం తీసుకుని మళ్ళీ మొదటినుంచి చదివాను. నాకు ముప్ఫై ఒకటి. ఏడేళ్ళలో క్వార్టర్స్, ఆసుపత్రి, బజారు, విమానాశ్రయం తప్ప ఏమీ చూడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గల్ఫులో చుట్టీ అంటే సెలవు కాదు. చుట్టీ అంటే ఇంటికి పోవడం. మా ఆసుపత్రి వ్యాను నడిపే పోచన్నది జగిత్యాల వైపు. ఆయన అద్దంలోంచి మమ్మల్ని చూసి నవ్వాడు. "చుట్టి అంటే ఇంటికి వోవుడే గదక్కా. ఆ దేశంల మనోళ్ళు ఎవరున్నరు?"

"ఎవరూ లేరు పోచన్నా. అందుకే" అంది రాహేలక్క.

"ఎవలు లేని కాడికి పైసలు వెట్టుకొని వోతరా! మీకు ఎండ గొట్టింది" అన్నాడు, వ్యాను తిప్పుతూ.

ఆఫీసులో సెలవు కాగితాలు చూసే గుమస్తాని అందరూ అబూ ఫహద్ అనేవాళ్ళు. మర్యాదస్తుడు. ఎవరు వెళ్ళినా యాలకుల కాఫీ పోసి, ఖర్జూరం ఇచ్చి, ఆ తర్వాతే కాదని చెప్పేవాడు. రాహేలక్క ఫారం ఆయనే నింపుతూ దేశం గడిలో ఇండియా అని రాశాడు. ఆమె కొట్టేసి నార్వే అని రాసింది. ఆయన తప్పు జరిగిందనుకుని మళ్ళీ కొట్టేసి ఇండియా అని రాశాడు. ఇజాజా అంటే బలదే కదా సిస్టర్, అన్నాడు. సెలవంటే సొంత దేశమే కదా అని. పైగా ఇంకో సలహా ఇచ్చాడు, నిజంగా మేలు కోరే ఇచ్చాడు. అక్టోబరులో ఎలాగూ వెళ్ళిపోవాలి, ఇప్పుడు వెళ్ళి మళ్ళీ వచ్చి మళ్ళీ వెళ్ళడం ఎందుకు, ఇప్పుడే ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని ఇండియా పోయి, అక్కడినుంచి ఎక్కడికైనా వెళ్ళొచ్చు కదా. ఇంకా మూడు నెలల పని మిగిలి ఉంది కదా అంటే, అది మేం చూసుకుంటాం అన్నాడు. నార్వే వీసా ఇచ్చేవాళ్ళకి ఆసుపత్రి నుంచి ఉత్తరం కావాలి: ఈమె సెలవు మీద నార్వే వస్తోంది, సెలవు కాగానే తిరిగి డ్యూటీలో చేరుతుంది అని. ఫారంలో ఇండియా ఉంటే ఆ ఉత్తరం రాదు. ఫైనల్ ఎగ్జిట్ ఉంటే అసలు వీసాయే రాదు. అంటే ఆ గడిలో ఏముంటుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఆమె మళ్ళీ కొట్టేసి, అంచులోకి ఎక్కించి నార్వే అని రాసి, ఇంకోసారి కొట్టేస్తే ఇంకోసారి రాస్తానని చెప్పి, కాఫీకి థాంక్స్ చెప్పి లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం నేనే అడిగాను. ఆయన చెప్పింది కూడా సబబే కదక్కా, ఇక్కడినుంచి పోయాక నింపాదిగా వెళ్ళొచ్చు కదా అని. నిజానికి అలా పోయాక ఆమెని ఎక్కడికీ వెళ్ళనివ్వరని నాకూ తెలుసు. దానియేలు అప్పటికే ఇంటి మీద పై అంతస్తు మాట ఎత్తుతున్నాడు. రాహేలక్క బూట్లకి పాలిష్ చేసుకుంటోంది.

"మనింట్లోంచి ఎవరన్నా బయటికి పోయేటప్పుడు 'పోతున్నా' అంటే మీ అమ్మ ఊరుకునేదేంటే?"

ఊరుకునేది కాదు. ఎవరూ ఊరుకోరు. వెళ్ళొస్తానని చెప్పి గడప దాటాలి.

"మరి ఫైనల్ ఎగ్జిట్ అంటే ఏంటి? 'పోతున్నా' అనడమే. ఇరవై రెండేళ్ళు చేశాను. ఒక్కసారి వెళ్ళొత్తానని చెప్పి వెళ్ళి, వచ్చి, నా మెషిను ముందు నిలబడి, అప్పుడు పోతాను. పొమ్మన్నప్పుడు కాదు."

ఎగ్జిట్ రీ-ఎంట్రీని అక్కడ ఖురూజ్ ఔదా అంటారు. బయటికి పోవడం, తిరిగి రావడం. ఎన్ని వందలసార్లు ఆ మాట పలికామో. అది మన వెళ్ళొస్తానే అని నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

ఉత్తరం ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే ఇది ఒకళ్ళు చెడ్డవాళ్ళు ఒకళ్ళు మంచివాళ్ళు అనే కథ కాదు. రాహేలక్క స్థానంలోకి రావడానికి హనాన్ అని ఒక సౌదీ అమ్మాయి చేరింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. చేతులు వణికేవి. ఆమెకి పని నేర్పమని రాహేలక్కకే చెప్పారు. తన ఉద్యోగం తీసుకునే పిల్లకి ఎవరు మనసుపెట్టి నేర్పుతారని క్యాంటీన్లో అందరూ అన్నారు. రాహేలక్క మనసుపెట్టే నేర్పింది. ఆ పిల్ల మూడు వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నొక్కి, ఇది విను, చెవితో కాదు, అనేది. మెడికల్ డైరెక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు రాహేలక్క మెల్లగా, అందరూ వినేలా చెప్పింది. ఈ అమ్మాయికి ఇంకా సగమే వచ్చింది, మిగతా సగం నేను నార్వే నుంచి వచ్చాక నేర్పుతాను, ఉత్తరం ఇప్పిస్తే. ఆయన హనాన్ వైపు చూశాడు. హనాన్ తల దించుకోలేదు. ఆమె తిరిగి రావాలి డాక్టర్, నాకింకా రాదు, అంది. రెండు రోజుల్లో ఉత్తరం వచ్చింది, ఆ వెనకే మా ఇద్దరికీ. అబూ ఫహద్ స్వయంగా తెచ్చిచ్చాడు. పాస్‌పోర్టులు కూడా ఇచ్చాడు. అవి మా చేతికి వచ్చేది సెలవులప్పుడే. రాహేలక్క తన ఫారం జిరాక్సు ఒకటి అడిగి తీసుకుంది. ఆయన నవ్వి తీసిచ్చాడు. అదే నా చేతికి వచ్చింది.

మా గుంపులో ఇరవై ఆరుగురం. ఎక్కువమంది రియాద్‌లో ఉండే ఇంజనీర్ల కుటుంబాలు. మొదటి రోజే ఒకావిడ మీ హస్బెండ్ ఏ కంపెనీలో అని అడిగింది. రాహేలక్క నాకు కంపెనీ లేదండి అంది, ఆమె అర్థంకాక నవ్వింది. కోపెన్‌హాగెన్‌లో అందరూ సైకిళ్ళ మీదే పోతుంటే సలోమి ప్రతి చిన్న సైకిలు దగ్గరా ఆగిపోయేది. మేం పక్కన నిలబడేవాళ్ళం. అక్కడినుంచి ఓస్లోకి ఓడ, ఓస్లో నుంచి బెర్గెన్‌కి రైలు. రైలు కొండల మీదికి ఎక్కాక జూలై నెలలో మంచు కనపడింది. ఆ తర్వాత కిటికీ పక్కనే నీళ్ళు పడుతున్నాయి. క్యాలెండరులో చూసిన నీళ్ళే, శబ్దంతో సహా. గుంపులో అందరూ ఫోటోలకి లేచారు. రాహేలక్క కూర్చునే ఉంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. చాలాసేపటికి నా వైపు తిరిగి, ఈ గంటలో పడిన నీళ్ళతో మన యూనిట్ ఎన్నేళ్ళు నడుస్తుందో లెక్కేస్తున్నానే, అందడంలేదు, అంది.

బెర్గెన్ హోటల్లో ఆమె సూట్‌కేసు తెరిస్తే పైనే రెండు ఫాయిల్ చుట్టలు ఉన్నాయి. అక్కడ చీకటి పడదని ఎవరో చెప్పారట, ఉనైజా నుంచి మోసుకొచ్చింది. భోజనం అయ్యేసరికి ఎనిమిది దాటినా బయట మధ్యాహ్నంలాగే ఉంది. కుర్చీ ఎక్కి కిటికీకి ఫాయిల్ అంటించింది, సగం దాకా. అక్కడ ఆగి బయటికి చూసింది. అంటించిన సగం పీకేసి ఉండలా చుట్టి చెత్తబుట్టలో పడేసింది. "ఇన్నేళ్ళు పగల్ని ఆపేసుకుని పడుకున్నాను. ఇవాళ చూడనీ" అంది. ఆ వెలుతురులోనే నిద్రపోయింది.

మర్నాడు రేవు దగ్గర ఒక కొట్టుకి వెళ్ళాం. బెర్గెన్ ఎప్పటినుంచో ఎండుచేపల వ్యాపారానికి పేరట. కొట్టు నిండా చేపలు, మనిషి చెయ్యి పొడవున, కట్టెల్లా ఎండినవి, తాళ్ళకి వేలాడుతున్నాయి. ఇంజనీర్ల భార్యలు ముక్కుకి కర్చీఫులు అడ్డం పెట్టుకుని బయటే నిలబడ్డారు. రాహేలక్క లోపలికి పోయి, ఒక చేప దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. అమ్మే అతను అది చూసి మురిసిపోయి ఒక చిన్న ముక్క కోసి ఇచ్చాడు. నమిలింది. "చూశారా, తలుపులు బార్లా తీసి పెట్టుకున్నాడు. ఎవడి గుమ్మం కిందా తడి తువ్వాలు లేదు" అని చెప్పి, ఒక చేప కాగితంలో చుట్టించుకుని చంకలో పెట్టుకుంది.

అక్కడినుంచి నీళ్ళ పక్కన నడుస్తున్నాం, ముగ్గురమే, గుంపు కంటే వెనక. వెనకనుంచి ఎవరో పిలిచారు. తిరిగి చూస్తే పోలీసు. పాతికేళ్ళ అమ్మాయి, యూనిఫాంలో. ఆమె ఇంకా నోరు తెరవలేదు. మా ముగ్గురి చేతులూ ఒకేసారి మూడు సంచుల్లోకి వెళ్ళాయి, మూడు ఇఖామాలు బయటికి వచ్చాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అది మా ఒంట్లోకి వెళ్ళిపోయిన పని. పాస్‌పోర్టులు కూడా అవే సంచుల్లో ఉన్నాయి, అవి తీయాలని ఎవరికీ తోచలేదు. ఆ అమ్మాయి రాహేలక్క కార్డు తీసుకుని ఒక వైపు చూసింది, తిప్పి రెండో వైపు చూసింది. అరబీ అక్షరాలు, ఫోటో. కాసేపు ఆలోచించి, ఎంతో మర్యాదగా ఇంగ్లీషులో చెప్పింది. "ఇది బస్ కార్డా? సారీ, ఇది ఇక్కడ పనిచేయదు." కార్డు తిరిగిచ్చి, మేం నడుస్తున్నది సైకిళ్ళ దారి అని, పక్కకి జరగమని చెప్పి వెళ్ళిపోయింది.

మేం పక్కకి జరిగాం. సలోమి తన కార్డు మళ్ళీ సంచిలో దాచేసింది. రాహేలక్క ఆ కార్డుని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"దిండు కింద పెట్టుకుని పడుకున్నానే దీన్ని. స్నానానికి పోతే సబ్బుపెట్టె పక్కన పెట్టుకున్నాను. పనిచెయ్యదంటంది చూడు."

అని నవ్వడం మొదలుపెట్టింది. చంకలో ఎండుచేప, చేతిలో ఇఖామా, రేవు ఒడ్డున నిలబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ తర్వాత మా ముగ్గురికీ అది బస్ కార్డే. ఆమె దాన్ని బైబిల్లో పౌలు పటాల దగ్గర గుర్తుకి పెట్టేసింది. తక్కిన అయిదు రోజులూ ఉత్తచేతులతో తిరిగింది. స్టాక్‌హోమ్‌లో మెషిన్లు చేసే ఫ్యాక్టరీ చూపిస్తారా అని గైడుని అడిగితే, అది వేరే ఊళ్ళో ఉంటుంది, టూర్‌లో లేదు అన్నాడు. పోనీలే అంది. ఆఖరి రోజు బస్సులో ఒక ఇంజనీరు భార్య గొంతు తగ్గించి, ఇక్కడికి వచ్చి ఉండిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారట, మీకు ఎలాగూ అక్కడ అయిపోతోంది కదా, అంది. సలోమి నా వైపు చూసింది. రాహేలక్క కిటికీలోంచి చూపు తిప్పకుండా, మేం తిరిగి రామనే అందరూ అనుకుంటున్నారు, అందుకే రావాలి, అంది.

ఉనైజా దగ్గరి ఖసీం విమానాశ్రయానికి పోచన్న వ్యాను తెచ్చాడు. సామాను ఎక్కిస్తూ మా ముగ్గురినీ లెక్కపెట్టినట్టు చూశాడు. "నిజంగనే అచ్చిన్రా! మీరు రారని ఆఫీసుల పందెం కాసిన్రక్కా." నువ్వేమన్నావు అని అడిగింది రాహేలక్క. "నేను గూడ రారనే అన్న" అన్నాడు, సిగ్గుపడుతూ. ఆమె ఎండుచేప ఇంతపాటి ముక్క తీసి ఆయనకిచ్చింది. అక్టోబరు దాకా డ్యూటీ చేసింది, ఒక్కరోజు మానలేదు. చివరి వారంలో, ఆమె తప్ప ఎవరు సూది వేసినా ఒప్పుకోని ఒక ముసలాయన చేతి మీద హనాన్ మూడు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, ఇక్కడ, అంది. ఒక్కసారికే దిగింది. రాహేలక్క అక్కడ నిలబడి చూసి, మెషిను అలారం శబ్దం సరిచేసి, బయటికి వచ్చేసింది. పోయే రోజు అబూ ఫహద్ కార్డు తీసుకుంటుంటే, జాగ్రత్త, అది బస్ కార్డు, అంది. ఆయనకి అర్థం కాలేదు. యూనిట్ గుమ్మంలో హనాన్ మఅస్సలామా, క్షేమంగా వెళ్ళు, అని ఏడుస్తుంటే, రాహేలక్క తెలుగులోనే వెళ్ళొస్తానమ్మా అంది. దాని అర్థం తర్వాత నేను హనాన్‌కి చెప్పాను.

తిరిగొచ్చాక సొంతూరు పాలకొల్లులో ఆమె బతికిన ఏళ్ళు తక్కువే. పై అంతస్తు లేవలేదు. ఆ సంగతి దానియేలు ఆమెతో ఎన్నిసార్లు అన్నాడో నాకు తెలియదు గానీ, నాతోనే రెండుసార్లు అన్నాడు, ఆ చలిదేశంలో తగలేసి వచ్చింది కదా అని. ఇప్పుడు మా స్కూల్లో చదివే పిల్లలు జర్మనీ పోవడానికి జర్మన్ నేర్చుకుంటున్నారు. వాళ్ళ ఫోన్లలో మంచుకొండలు, ఓడలు, నీళ్ళు, అన్నీ ఉంటాయి. వాళ్ళు ఎక్కడికైనా పోతారు, ఎందుకు పోయావని అడిగేవాళ్ళు ఇప్పుడు తక్కువ. అది మంచిదే. ఆ రోజులు గొప్పవని నేను అనను. కిటికీలకి ఫాయిల్ అంటించుకున్న రోజులు అవి. కానీ ఈ పిల్లలకి ఊరికే దొరికే ఆ గడి కోసం ఒక మనిషి రెండుసార్లు పెన్ను పట్టుకోవాల్సి వచ్చిందని వాళ్ళకి తెలియాలి. సూది పాఠం చెప్పేటప్పుడు మూడు వేళ్ళు ఎలా పెట్టాలో చూపించి, ఆ తర్వాత ఇదీ చెప్తాను. సిలబస్‌లో లేదు.

భీమవరం వచ్చాక దానియేలు ఇచ్చిన కాగితం తీశాను. రాహేలక్క పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. కింద 'తన కొరకు ఏమియు కోరని త్యాగమూర్తి'. అక్షరదోషాలు లేవు. ఆ వాక్యం కొట్టేసి, పక్కన 'నార్వే వెళ్ళొచ్చింది' అని రాసి, ఫోటో తీసి పంపాను. గంటలో అదే ఫోటో తిరిగొచ్చింది, నా మాట కొట్టేసి, పాత మాట మళ్ళీ రాసి. నేను దాన్ని కొట్టేసి నార్వే అని రాసి పంపాను. అప్పుడు ఫోన్ చేశాడు. సమాధి మీద నార్వే ఏంటమ్మా, చూసినవాళ్ళు నవ్వరా అన్నాడు. నవ్వనివ్వండి, ఆవిడా అక్కడ నవ్వింది, అన్నాను. కవరు ఇచ్చే ముందు ఆ ఫారం కీర్తన నాకూ చూపించిందమ్మా, అని ఫోన్ పెట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రాయి చెక్కే అతను. వెనక ఉలి చప్పుడు వినిపిస్తోంది. దానియేలు గారు మిమ్మల్నే అడగమన్నారమ్మా అన్నాడు. ఇక్కడ 'నారవే' అనా, 'నర్వే' అనా, ఆ మాట ఎప్పుడూ చెక్కలేదు, ఒకసారి కొడితే మళ్ళీ దిద్దడానికి ఉండదు. రాసుకోమన్నాను. మొదట న, దానికి దీర్ఘం. తర్వాత ర, దానికి ఏత్వం. కింద వ వత్తు. అతను ఒక్కో అక్షరం తిరిగి చదివి వినిపించాడు. సరిగ్గా ఉంది, చెక్కండి, అన్నాను.